కూర్చుని చేసే పని

"కాలు కదిలిందండీ! ముందు ఎడమ కాలు, ఆ వెంటనే కుడి కాలు. ఇక్కడ తెర మీద నాకు స్పష్టంగా కనపడుతోంది. మీరు వెళ్ళి కళ్ళారా చూసి చెప్పండి," అంది ఫోన్లో డాక్టర్ తబస్సుమ్.

మంగళవారం, పొద్దున పదకొండు గంటలు. నా చేతిలో సగం చెక్కు తీసిన ఆనపకాయ ఉంది. దాంతోనే వసారాలోకి పరుగెత్తాను. పెళ్ళయి ఇంకా నాలుగు నెలలు నిండలేదు. ఈ ఇంట్లో పరుగెత్తకూడదని అత్తయ్యగారు ఎప్పుడూ అనలేదు గానీ గడపలు మాత్రం అంటూనే ఉంటాయి. మూడో గడపకి బొటనవేలు తగిలింది. ఆ నొప్పి సంగతి నాకు సాయంత్రం దాకా తెలియలేదు.

వసారాలో దుప్పటి మడతల మీద మా కుక్క కండె పక్కకి తిరిగి పడుకుని ఉంది. ముందు కాళ్ళ మధ్య మూతి పెట్టుకుని నా వైపు చూసింది. దాని వెనక కాళ్ళు, డెబ్బై రెండు రోజులుగా తడిబట్టల్లా వేలాడిన ఆ కాళ్ళు, కదులుతున్నాయి. ఎడమది కిందికి నొక్కింది, ఆగింది, వదిలింది. కుడిది నొక్కింది, ఆగింది, వదిలింది.

"అత్తయ్యగారూ!" అని నేను వేసిన కేకకి పక్కింటి కోళ్ళు కూడా లేచాయి.

"ఏటమ్మాయ్, పామా?" అంటూ అత్తయ్య మంగతాయారుగారు శనగపిండి చేతులతో వచ్చారు. కుక్కని చూశారు. నన్ను చూశారు. ఆ పిండి చేతులతోనే నా బుగ్గలు రెండూ పట్టుకుని ఊపేశారు. "కదిలిందే! మన కండె కదిలిందే!"

నేను మా ఆయన దేవల్‌కి ఫోన్ చేశాను. ఆయన చేనేత సొసైటీలో కంప్యూటర్ మీద చీర అంచులకి డిజైన్లు గీస్తారు. రెండు వీధుల అవతలే ఆఫీసు. సైకిల్ మీద ఎంత వేగంగా వచ్చారంటే, అరుగు దగ్గర సైకిల్ ఆగలేదు, ఆయనే ఆగారు. సైకిల్ వెళ్ళి తులసికోటని ఆనుకుంది. ముగ్గురం కుక్క చుట్టూ కూర్చుని ఒకటే నవ్వు. ఆనపకాయ ఇంకా నా చేతిలోనే ఉంది.

అందరికంటే ఆఖర్న మగ్గం గదిలోంచి మావయ్యగారు వచ్చారు. చింతా నాగభూషణంగారు. బండారులంకలో ఆయన మగ్గం చప్పుడు విని గడియారం సరిచేసుకోవచ్చని చెప్పుకుంటారు. ద్వారబంధం పట్టుకుని నిలబడి కుక్క కాళ్ళని చాలాసేపు చూశారు.

"నీ కాళ్ళేనండోయ్ అవి, మీరిచ్చినవే!" అన్నారు అత్తయ్యగారు సంతోషంలో నువ్వూ మీరూ కలిపేస్తూ.

"బాగుంది," అన్నారాయన. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు. ఆయన నవ్వలేదని నాకు ఆ క్షణంలో తట్టలేదు. సేమ్యా పాయసంలోకి జీడిపప్పు ఉందా లేదా అన్నదే నా బెంగ.

*

కండె అంటే నాడెలో, అదే పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే చెక్క పడవలో, పెట్టే దారపు చుట్ట. ఈ కుక్క పిల్లప్పుడు ఇంట్లో చేసిన మొదటి ఘనకార్యం కండెలు ఎత్తుకుపోయి మంచం కింద దాచడం. అందుకే ఆ పేరు. పెద్దయ్యాక దానికి ఉద్యోగం ఇచ్చారు. పడుగుకి కాపలా.

నేను కాకినాడ పిల్లని. పడుగంటే చీర నేతలో నిలువు పోగులని చదువుకున్నానే గానీ, దాన్ని వీధి పొడవునా చాచి గంజి పెడతారని పెళ్ళయ్యాకే చూశాను. ఎండ ఎక్కకముందే కర్రల మీద వేల పోగులు బారుగా లాగి నిలబెడతారు. వీధిలో తెల్లటి ఏరు పారుతున్నట్టు ఉంటుంది. ఒక్క మేక దూరిందంటే వారాల పని పాడవుతుంది. కండె ఆ చివర నుంచి ఈ చివరకి పహరా తిరుగుతూ మేకల్నీ సైకిళ్ళనీ ఆపేది. పడుగు కింద నుంచి అది ఎప్పుడూ దూరదు. చుట్టూ తిరిగే వెళ్తుంది. అది చూసి నేను దానికి వీరాభిమానినైపోయాను.

పెళ్ళయిన నెలన్నరకి ఓ పొద్దున, పడుగు వీధిలో ఉండగా, ఇటుకల వ్యాను ఒకటి వెనక్కి తిప్పుకుంటూ మా వీధిలోకి వచ్చింది. కండె పడుగుకీ వ్యానుకీ మధ్య నిలబడి మొరిగింది. డ్రైవరుకి వినపడలేదు. మేమంతా అరుస్తున్నాం. అది పక్కకి గెంతితే బతికిపోయేది. గెంతలేదు. చక్రం దాని నడుముకి తగిలాకే వ్యాను ఆగింది.

పడుగులో ఒక్క పోగు కూడా తెగలేదు.

వెన్ను విరిగిందనీ, వెనక భాగానికి ఇక స్పర్శ రాదనీ పశువుల ఆసుపత్రిలో చెప్పారు. బాధ లేకుండా సూది ఇచ్చేస్తామన్నారు. మావయ్యగారు దాన్ని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేశారు.

అప్పుడు మొదటిసారి నా జువాలజీ డిగ్రీ పనికొచ్చింది. మూడు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే పుళ్ళు పడతాయి. పొత్తికడుపు మెల్లగా నొక్కి మూత్రం పోయించాలి. కాళ్ళు మడిచి చాచి వ్యాయామం చేయించాలి. నలుగురం వంతులు రాసి గోడకి అంటించాం. పొద్దున అయిదింటి వంతు నాదీ మా ఆయనదీ. కొత్తగా పెళ్ళయినవాళ్ళు జంటగా పాపికొండలు వెళ్తారు. మేం జంటగా కుక్కని పక్కకి తిప్పేవాళ్ళం. ఆయన తల వైపు, నేను తోక వైపు. "ఒకటి, రెండు, మూడు" అనేసరికి ఒకరి మొహం ఒకరికి దగ్గరగా వచ్చేది. నాకు పాపికొండల మీద పెద్ద బెంగేమీ లేకపోయింది.

కాకినాడ బయట ఉన్న పరిశోధనా కేంద్రం గురించి చెప్పింది నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి. అక్కడ డాక్టర్ తబస్సుమ్ 'జత పట్టీ' తయారు చేస్తోంది. మేం వెళ్ళినరోజు ఆమె పాఠమేమీ చెప్పలేదు. పొట్టి జుట్టు, చెవి వెనక పెన్ను. మావయ్యగారిని గదిలో అటూ ఇటూ నడవమని, మధ్యలో ఒక లెక్క అడిగింది. పదిహేడు ఆరులు ఎంత అని.

"నూటరెండు," అన్నారాయన నడక ఆపకుండా.

"చూశారా, లెక్క బుర్ర చేసింది. నడక ఎవరు చేశారు?" అంది ఆమె. "వెన్నులో కింద ఒక చిన్న నరాల ముడి ఉంటుంది. ఎడమ, కుడి, ఎడమ, కుడి అని తాళం వేస్తూ ఉంటుంది. బుర్రని అడగదు. మీ కండెలో ఆ ముడి మూగబోయింది. ఎవరో ఒకరి తాళం దానికి వినిపించాలి. ఒక పట్టీ కుక్క వెన్నుకి కుట్టేస్తాం, రెండోది మనిషి నడుముకి. ఇరవై ఒక్క రోజులు రెండు ముళ్ళూ కలిసి కొట్టుకుంటాయి. ఆ తర్వాత తాళం అటు వెళ్తుంది."

"అటు వెళ్తే ఇక్కడ?" అని అడిగారు మా ఆయన.

ఆమె దాచలేదు. "ఇక్కడ కొంత తగ్గుతుంది. ఇచ్చినవాళ్ళకి నడక తడబడుతుంది. ఇప్పటిదాకా పదకొండు జతలు చేశాం. తొమ్మిది మందికి కొన్ని నెలల్లో తిరిగొచ్చింది. ఇద్దరికి పూర్తిగా రాలేదు. ఒక పట్టీ ఒక జతకే పనికొస్తుంది, మధ్యలో మనిషిని మార్చడం కుదరదు."

ఇంటికొచ్చాక ఎవరివ్వాలా అని వాదన. నేనిస్తానంటే మా ఆయన ఒప్పుకోలేదు, ఆయనిస్తానంటే నేను ఒప్పుకోలేదు. "నా మోకాళ్ళిస్తే అది కూడా అబ్బా అమ్మా అంటూ నడుస్తుంది," అన్నారు అత్తయ్యగారు. చివరికి మావయ్యగారు తేల్చేశారు.

"మీరంతా తిరిగే మనుషులు. నేను పొద్దున కూర్చుంటే సాయంత్రం లేస్తాను. మగ్గం మీద కూర్చునేవాడికి నడక ఎందుకర్రా? ఉంటే ఉంది, పోతే పోయింది."

అందరికీ నిజమే అనిపించింది. ఫారం నింపింది నేనే. 'వృత్తి రీత్యా కూర్చుని చేసే పనా, నిలబడి చేసే పనా?' అని ఉంది. నా అందమైన దస్తూరీతో రాశాను, కూర్చుని చేసే పని.

*

ఆ మంగళవారం పాయసం తిన్నాక, బుధవారం పొద్దున నేను కండె కాళ్ళకి నూనె రాస్తున్నాను. దాని కాళ్ళు నా చేతుల్లోనే తాళం వేస్తున్నాయి. నొక్కి, ఆగి, వదిలి. నొక్కి, ఆగి, వదిలి. నాకు తెలియకుండానే తల ఊపుతున్నాను. ఈ తాళం నాకు బాగా తెలుసు. ఎక్కడ విన్నానబ్బా అనుకుంటున్నాను. పెళ్ళయిన మర్నాటి నుంచీ ప్రతి పొద్దునా నన్ను లేపింది ఇదే. మా గది గోడ అవతల మగ్గం.

చెవి గోడ వైపు తిప్పాను. లోపల మగ్గం చప్పుడు వస్తోంది, కానీ అది అది కాదు. ఒకసారి టక్ మంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. రెండుసార్లు వెంటవెంటనే మోగింది. మళ్ళీ ఆగిపోయింది.

మగ్గం గది తలుపు తోశాను. మావయ్యగారు గుంత మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా సగం నేసిన ఆకుపచ్చ చీర. ఆయన కాళ్ళ వైపు చూసుకుంటున్నారు. కాలి కింది ఎడమ చెక్క తొక్కాల్సిన చోట రెండు కాళ్ళూ ఒకేసారి దిగాయి. ఎడమది ఒక్కటే తొక్కడానికి ఆయన చేత్తో కుడి మోకాలిని పైకి లేపి పట్టుకున్నారు. నాడె సగం దూరం వెళ్ళి పోగుల్లో చిక్కుకుంది.

"మావయ్యగారూ..."

"తలుపు వెయ్యమ్మా," అన్నారు మెల్లగా. "మీ అత్తయ్య వింటుంది."

"ఎన్నాళ్ళుగా?"

"నాలుగు రోజులైంది. మొదట్లో తిమ్మిరనుకున్నా. నిన్న దాని కాళ్ళు చూశాక తెలిసింది, నావి ఎక్కడికెళ్ళాయో." కొంచెం నవ్వారు. "నడక భేషుగ్గా ఉంది చూడు. రామచంద్రపురం దాకా నడిచి రమ్మన్నా వస్తాను. ఇది మాత్రం పోయింది."

నాకు ఫారం గుర్తొచ్చింది. నా దస్తూరీ గుర్తొచ్చింది. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

"ఊరుకో. నేను చెప్పిందేగా నువ్వు రాశావు? నలభై ఏళ్ళుగా నేనూ అదే అనుకుంటున్నాను, కూర్చునే పనని. కాళ్ళు పని చేస్తున్నాయని నాకే తెలియలేదు."

ఆయన ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను పది నిమిషాల్లో అందరికీ చెప్పేశాను. మొదటి ఫోన్ డాక్టరుకి.

*

సాయంత్రం నాలుగింటికల్లా డాక్టర్ తబస్సుమ్ మా ఇంట్లో ఉంది. మావయ్యగారి కాళ్ళు చూసింది, కండె కాళ్ళు చూసింది. మగ్గం గుంత అంచున గొంతుక్కూర్చుని లోపలికి తొంగి చూసింది.

"దీన్ని మీరు కూర్చుని చేసే పని అంటారా?" అంది.

"మగ్గం మీద కూర్చున్నారు అంటాం కదండీ," అన్నారు అత్తయ్యగారు, నేరం చేసినట్టు.

"పట్టీ తీసుకునేది నడకనేనని ఏమీ లేదు. ఆ ముడిలో అన్నిటికంటే గట్టిగా నాటుకున్న తాళాన్ని తీసుకుంటుంది. మామూలు మనుషులకి అది నడకే. ఈయనకి..." చెవి వెనక పెన్ను తీసి చేతిలో తిప్పింది. "ఇది నా తప్పు. ఏం పని చేస్తారు అని అడిగాను గానీ, చేసి చూపించండి అని అడగలేదు."

తర్వాత దారి చెప్పింది. పట్టీలో తాళం జాడ ఏడు రోజులు నిలుస్తుంది. వచ్చే సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపల దాన్ని వెనక్కి తిప్పవచ్చు. మావయ్యగారి కాళ్ళు ఆయనకి వచ్చేస్తాయి. కండె కాళ్ళు మాత్రం మళ్ళీ మూగబోతాయి, ఈసారి ఎప్పటికీ. సోమవారం దాటితే వెనక్కి తిప్పడం కుదరదు. నడకైతే రోజూ నడుస్తూ తిరిగొచ్చేది. ఇది అలా రాదు, ఆయన నేర్చుకోవాలనుకుంటే మొదటి నుంచీ నేర్చుకోవాలి. వస్తుందో రాదో ఆమె చెప్పలేనంది.

"అది నడుస్తుందా మరి?" అని అడిగారు మావయ్యగారు.

"దానికి వచ్చింది తొక్కడం. అది నడక అవుతుందో లేదో కూడా నాకు తెలియదు."

"అయితే ఇందులో ఆలోచించేదేముంది నాన్నా?" మా ఆయన గొంతు పెరిగింది. అలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "అది నడవదు, నువ్వు నెయ్యలేవు. ఇద్దరికీ లేకుండా పోతుంది. రేపే వెనక్కి తిప్పించేద్దాం."

"సోమవారం దాకా టైముందిగా."

"నలభై ఏళ్ళ పని నాన్నా! ఓ కుక్క కోసం..."

"అది వ్యాను ముందు నిలబడ్డప్పుడు, ఓ పడుగు కోసమా అనుకోలేదురా," అన్నారు మావయ్యగారు. మా ఆయన తల దించుకున్నారు. నేను ఆయన పక్కకి జరిగి కూర్చున్నాను, భుజానికి భుజం తగిలేలా.

మావయ్యగారు డాక్టరు వైపు తిరిగారు. "డాక్టరమ్మా, చెక్కకి కట్టిన తాళ్ళు తెగిపోతే నేసేవాడి కాలు గాల్లో ఆడుతుంది. కాలి కింద బరువు తగలాలి. దాని కాళ్ళు ఇప్పుడు గాల్లో ఉన్నాయి. అందుకే తొక్కుతోంది గానీ ఎక్కడికీ పోవట్లేదు. నన్ను చూసుకోనివ్వండి."

*

గురువారం పొద్దున మావయ్యగారు అత్తయ్యగారి పాత నేత చీరతో ఉయ్యాల కట్టారు. కండె పొట్ట కింద నుంచి చీర తిప్పి మగ్గం గది దూలానికి వేలాడదీశారు. వెనక కాళ్ళ కింద రెండు చెక్కలు, వాటికి కప్పీల మీదుగా తాళ్ళు, తాళ్ళ చివర ఇటుకలు. కాలు నొక్కితే ఇటుక లేవాలి. మావయ్యగారు దాని పక్కన నేల మీద కూర్చుని, తన చేత్తో దాని పాదం చెక్క మీద ఆనించి ఉంచారు. ఆయన కాళ్ళకి మరుపొచ్చింది గానీ ఆయనకి మరుపు రాలేదు.

"అదీ. అలా. ఇప్పుడు ఆగు. నాడె పోనీ. ఇప్పుడు వదులు," అని దానికి చెబుతుంటే కుక్క చెవులు రిక్కించి వింది. నేస్తున్నట్టే ఉంది, చీర ఒక్కటే తక్కువ.

"కాస్త ఓపిక పడితే ఓ జాకెట్ ముక్క అయినా నేసిపెడుతుంది," అన్నారు అత్తయ్యగారు. అందరం నవ్వాం. మా ఆయన కూడా.

శుక్రవారానికి ఇటుకలు రెండు నుంచి నాలుగయ్యాయి. దాని తొడల్లో కండ పట్టడం నా చేతికి తెలుస్తోంది. శనివారం అది మొండికేసింది. కుడి పాదం కింద చర్మం రేగింది. చెక్క చూస్తేనే మొహం తిప్పుకుంది. మావయ్యగారు పాదానికి పసుపూ వెన్నా రాసి, మధ్యాహ్నం దాకా దాని పక్కనే పడుకున్నారు. దేవల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మళ్ళీ వెనక్కి తిప్పమని అడుగుతారేమో అనుకున్నాను. ఆయన లోపలికెళ్ళి తన కొత్త మెత్తని బనీను తెచ్చి, కత్తెరతో రెండు ముక్కలు చేసి, కండె పాదాలకి మేజోళ్ళు కుట్టడం మొదలుపెట్టారు. బుద్ధిగా కూర్చుని, నాలుక కొంచెం బయటపెట్టి కుడుతున్న ఆ మనిషిని చూస్తే, నా మొగుడు అని ఊరంతా తిరిగి చెప్పాలనిపించింది.

ఆదివారం ఒక మార్పు. మావయ్యగారు చెక్కల్ని తీసేశారు. ఉయ్యాల తాళ్ళని దూలం నుంచి విప్పి, వసారా పొడవునా కట్టిన వెదురు గెడకి రింగులతో తగిలించారు. ఇప్పుడు కాళ్ళ కింద నేల ఉంది. నేల కదలదు. నొక్కితే తనే కదలాలి. కండె ఎడమ కాలు నొక్కింది. రింగులు కిర్రుమని జానెడు ముందుకి జారాయి. అది ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది, ఎవరు తోశారా అని.

"ఎవరూ తొయ్యలేదే పిచ్చిదానా! నువ్వే!" అని నేను అరిచాను.

సాయంత్రానికి వసారా ఆ చివర నుంచి ఈ చివరకి ఏడుసార్లు వచ్చింది. కానీ దాని బరువంతా ఉయ్యాల మీదే ఉంది. ఉయ్యాల లేకుండా నిలబడుతుందో లేదో ఎవరికీ తెలియదు.

*

సోమవారం పదిన్నరకి డాక్టర్ తబస్సుమ్ వచ్చింది. చేతిలో నీలం రంగు పెట్టె ఉంది. అందులో తాళాన్ని వెనక్కి తిప్పే యంత్రం. దాన్ని అరుగు మీద పెట్టి మూత తెరిచి ఉంచింది. "పనికి అరగంట పడుతుంది. పదకొండున్నరకి మొదలుపెట్టాలి," అంది.

మావయ్యగారు ఉయ్యాల ముడి విప్పారు. కండె వెనక భాగం ధబ్బున నేల మీద పడింది. నా గుండె కూడా దాంతోపాటే పడింది. ఆయన ఎత్తలేదు. రెండడుగులు వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

కండె కాళ్ళు నొక్కాయి. లేచింది. పక్కకి ఒరిగి మళ్ళీ పడింది.

"పదకొండు పది," అన్నారు దేవల్ గడియారం చూసి.

అత్తయ్యగారు వంటింట్లోంచి వేయించిన ఎండు రొయ్యల గిన్నె పట్టుకుని వచ్చారు. వసారా ఆ చివర కూర్చుని గిన్నెని చేత్తో గలగలలాడించారు. "నీకు కావాలంటే నువ్వే రా. నేను తెచ్చి పెట్టను. నాకు మోకాళ్ళ నొప్పులు."

కండె ముక్కు పైకెత్తింది. ముందు కాళ్ళు బిగించింది. వెనక ఎడమ కాలు నొక్కింది, ఆగింది. నడుము లేచింది. కుడి కాలు నొక్కింది, ఆగింది. ఒక అడుగు. ఊగింది, పడలేదు. రెండు. మూడు. ముందు సగం కుక్కలా తొందరపడుతోంది. వెనక సగం మాత్రం మావయ్యగారిలా, ప్రతి అడుక్కీ ఒక్క క్షణం నిలిచి, నాడె దాటిపోయిందని తేల్చుకున్నాకే రెండో కాలు వేస్తోంది. అంత గంభీరంగా నడిచే కుక్కని నేనెక్కడా చూడలేదు. నేను తొమ్మిది అడుగులు లెక్కపెట్టాను. డాక్టరు పదకొండంది. అత్తయ్యగారు లెక్కపెట్టలేదు. దాని మెడ కావిలించుకుని, గిన్నెడు రొయ్యలూ దాని ముందు ఒంపేసి ఏడుస్తున్నారు.

డాక్టర్ తబస్సుమ్ ఫోన్లో వీడియో తీస్తూ, తీస్తున్నానన్న సంగతి మరిచిపోయింది. ఆ వీడియోలో సగం మా ఇంటి కప్పు పెంకులే ఉన్నాయి. కళ్ళు తుడుచుకుని మావయ్యగారి దగ్గరికొచ్చింది.

"నాగభూషణంగారూ, ఇంకా పది నిమిషాలుంది. మీరు వెనక్కి తీసుకున్నా ఎవరూ తప్పు పట్టరు. నేను అసలు పట్టను."

మావయ్యగారు చొక్కా ఎత్తి నడుముకున్న పట్టీ విప్పారు. ఇరవై ఎనిమిది రోజుల పట్టీ కింద చర్మం తెల్లగా అచ్చు పడి ఉంది. పట్టీని చక్కగా మడతపెట్టి, బట్ట మడతపెట్టినంత పద్ధతిగా, ఆమె చేతిలో పెట్టారు.

"అనుమానం లేదా?"

"ఉందమ్మా. రేపూ ఉంటుంది." ఆయన రొయ్యలు నములుతున్న కండె వైపు చూశారు. "కానీ చూడండి, ఎంత బాగా తొక్కుతోందో. ఒక్క తాళం తప్పలేదు. అంత శుభ్రంగా తొక్కేవాణ్ణని నాకిన్నాళ్ళూ తెలియదు. నా పని నేనెప్పుడూ బయట నిలబడి చూళ్ళేదు కదా."

నేను ఈ ఇంటి కోడల్నని అనుకుంటే నాకు ఛాతీ ఉప్పొంగిపోయింది. పదకొండున్నర అయింది. తర్వాత పన్నెండూ అయింది. పెట్టె మూత వేశారు. భోజనాలకి కూర్చున్నాం. డాక్టరుకి మా ఆనపకాయ పులుసు తెగ నచ్చింది.

భోజనాల మధ్యలో దేవల్ నెమ్మదిగా అడిగారు. "నాన్నా, మగ్గం మీద ఆ ఆకుపచ్చ చీర సగంలో ఉంది. ఎవరిచేతనైనా పూర్తి చేయించనా?"

"వద్దురా. నేసినంత వరకూ కోసి దింపేద్దాం. తువ్వాలు పడుగు ఎక్కిద్దాం." మావయ్యగారు మజ్జిగ పోసుకున్నారు. "తొమ్మిదో ఏట మా నాన్న నన్ను మొదట కూర్చోబెట్టింది తువ్వాలు మీదే. తప్పు పడ్డా ఒళ్ళు తుడుచుకోవడానికి పనికొస్తుంది. రేపు పొద్దున ఆరింటికి మొదలుపెడతాను. అమ్మాయ్, నువ్వూ రా. ఓ గంట నువ్వు, ఓ గంట నేను."

"నాకేమీ రాదండీ మావయ్యగారూ!"

"నాకు మాత్రం వచ్చేంటి?"

"బాగానే ఉంది వరస," అన్నారు దేవల్. "ఇద్దరికీ రాకపోతే మరి నేర్పేదెవరు?"

అత్తయ్యగారు గరిటె గిన్నెలో పెట్టి చెయ్యి నడుం మీద వేసుకున్నారు. "ముప్పై ఏళ్ళు ఆ మగ్గం పక్కన కూర్చుని దారం చుట్టాను. ఏ కాలు ఎప్పుడు పడాలో నాకు తెలియదా? రేపు ఆరింటికి కాదు, అయిదున్నరకి. స్నానాలు చేసి రండి. ఆలస్యమైతే మావగారైనా కోడలైనా నాకొకటే, బయట నిలబెడతాను."